గరగర మూగనోము

ఇనప గేటు పెద్దాయన తగాదాకు వచ్చిన రోజు వదిన అక్కడే ఉంది, చేతిలో క్యారేజీతో. ఊరి చివర రేడియో స్తంభం కింద ఉన్న ట్రాన్స్‌మిటర్ గది గుమ్మంలో నిలబడి ఆయన ఊగిపోతున్నాడు.

"ఏమయ్యా, మా గేటు వార్తలు చదువుతోంది! పొద్దున్నే తియ్యబోతే లోపల్నించి ఆడగొంతు. మా ఆవిడ నన్ను అనుమానిస్తోంది!"

స్తంభానికి మరీ దగ్గరగా ఉండి, కీళ్లు తుప్పు పట్టిన ఇనుముకు ఒక్కోసారి ఆ రోగం పట్టుకుంటుంది. రేడియో అక్కర్లేకుండానే సన్నగా పలుకుతుంది. ఆ మాట చెప్పి పంపించేస్తే సరిపోయేది. కానీ ట్రాన్స్‌మిటర్ నడిపే మనిషి వదినకు స్వయానా మరిది. వదిన పెంపకంలో పెరిగినవాడు నోరులేని వాడెలా అవుతాడు?

"గేటుకు లైసెన్సు ఉందా అండీ?" అన్నాడు మరిది, ఎంతో మర్యాదగా.

ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంటే లైసెన్సు తీసుకోవాలి.

"గేటుకు లైసెన్సేమిటి?"

"వార్తలు చెబుతోందంటే రేడియోయే కదండీ. అందులోనూ మనిషి ఎత్తు రేడియో. లైసెన్సు లేకుండా నడివీధిలో పెట్టుకుని వింటున్నారు. ఫిర్యాదు రాసివ్వండి, పైకి పంపుతాను. పైవాళ్లే వచ్చి చూసుకుంటారు."

పెద్దాయన నోరు తెరిచాడు, మూశాడు. "కాస్త నూనె వేసి చూస్తాన్లే," అని గొణిగి వెనుదిరిగాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి వదిన పైటచెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

మరిదికి ఊరు పెట్టిన పేరు గరగర. ఎవరింట్లో రేడియో గరగరమన్నా తిట్టు అతనికే తగిలేది, అలా ఆ పేరు అతుక్కుపోయింది. పెళ్లి చేసుకోలేదు. సంబంధాలు చూసి చూసి విసిగిన వదిన చివరికి ఊరంతా ఒకటే చెప్పింది: "మావాడికి ఇద్దరున్నారమ్మా. మూడోదాన్ని ఎక్కడ పెట్టుకుంటాడు?"

ఆ ఇద్దరూ ట్రాన్స్‌మిటర్లు. బీరువాల వరసంత ఉండే పెద్దది చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వినిపించేది. పెద్దది మూలపడ్డప్పుడు ఆదుకోవడానికి ఉంచింది చిన్నది. దాని గొంతు సంత దాటేదో లేదో. పెద్దదానికి సుకుమారం ఎక్కువ. బల్లి దూరినా, ఉరుము ఉరిమినా మూర్ఛపోయేది. అప్పుడు మరిది చిన్నదాన్ని లేపి, పెద్దదాని దగ్గర కూర్చుని బుజ్జగించి బాగుచేసేవాడు. "ఇంట్లో గిన్నె బోర్లపడితే ఎత్తడు గానీ, అక్కడ చూడు సేవలు," అని వదిన దెప్పేది.

ఇంట్లో ఎప్పుడూ ఒక రేడియో మోగుతుండాలి. అది మోగినంతసేపూ అతను హాయిగా గుర్రుపెట్టేవాడు. ఆగిందంటే చాలు, ఎవరో తట్టినట్టు లేచి సైకిలెక్కేవాడు. వదిన గొంతు లేచినప్పుడల్లా, "మెల్లగా వదినా, రేడియో వినబడటం లేదు," అనేవాడు. వదిన గొంతు రోజంతా లేచే ఉండేది కాబట్టి ఆ మాట రోజంతా వినబడేది.

చాలా ఏళ్ల తర్వాత, లైసెన్సులు పోయి ప్రతి చేతిలో ఫోను వచ్చాక, ఒక ఏడు గాలివాన వచ్చింది. కరెంటు పోయింది, ఫోన్లు చచ్చాయి, పెద్దది తడిసి మూలిగింది. జనరేటరు మీద చిన్నదొక్కటే పలికింది. ఏ వంతెన తెగిందో, ఏ బడిలో తలదాచుకోవాలో అదే చెప్పింది. గాలివాన వెలిశాక జనం మళ్లీ ఫోన్లలో తలలు దూర్చారు. ట్రాన్స్‌మిటర్ గదికి మాత్రం ఒకరూ వచ్చి కృతజ్ఞత చెప్పలేదు. "ఆకలి తీరాక వంటింటి వైపు ఎవరు చూస్తారులే," అంది వదిన. ఆ విషయం ఆమెకు బాగా తెలుసు.

తర్వాత కొన్నాళ్లకు పెద్దాఫీసు నుంచి ఒక ఆఫీసరు దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మోచేతి కింద ఫైలు. అప్పుడూ వదిన క్యారేజీతో అక్కడే ఉంది.

"మీడియం వేవు ఎవరు వింటున్నారండీ ఈ కాలంలో?" అన్నాడు ఆఫీసరు. "అందరూ ఎఫ్ఎం, లేకపోతే ఫోను. ఒక పని చేద్దాం. వారం రోజులు రెండు ట్రాన్స్‌మిటర్లూ ఆపెయ్యండి. ఎందుకాగిందో మీరు గానీ మీ సిబ్బంది గానీ ఎవరికీ చెప్పకూడదు. మా ఆఫీసుకి ఫిర్యాదులొస్తే చూద్దాం. ఒక్కటీ రాలేదంటే మూసేద్దాం."

మరిది వదిన వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. ఆఫీసరు కూడా చూసి, "పర్లేదులెండి, ఆవిడకేం అర్థమవుతుంది," అన్నాడు.

క్యారేజీ మూత ఠంగుమంది. మరిది కళ్లతోనే బతిమాలాడు కాబట్టి ఆ మనిషి ఆ పూట ఇస్త్రీ నలగకుండా బయటపడ్డాడు.

ఇంటికి రాగానే వదిన కొంగు దోపింది. "ఇప్పుడే వెళ్తాను. వీధికో పదిమందిని పోగేసి ఫిర్యాదు చేయిస్తాను."

"వద్దు వదినా. మనం అడిగించుకునే ఫిర్యాదు ఫిర్యాదా? నిజంగా ఎవరికీ అక్కర్లేకపోతే మూసేసుకోనీ. అక్కరైతే వాళ్లంతట వాళ్లే అడుగుతారు. నువ్వు నోరు విప్పనని మాటివ్వు."

వదిన మాటిచ్చింది. ఇచ్చాక గానీ ఎంత పొరపాటు చేసిందో తెలిసిరాలేదు. రేడియో ఆగింది, అతను మూగనోము పట్టాడు, ఆమె చేతా పట్టించాడు. పాలబ్బాయిని తిట్టబోతే మాట మధ్యలో రేడియో సంగతి జారుతుందేమోనని భయం. పాలలో నీళ్లు పోసి తెచ్చినా ఊరుకుంది. వాడు బెదిరిపోయి, "ఒంట్లో బాగోలేదా అమ్మగారూ?" అని మర్నాడు చిక్కటి పాలు తెచ్చాడు.

మరిది పరిస్థితి ఇంకా అన్యాయం. రేడియో ఆగితే లేచే మనిషికి, ఆగే ఉన్న రేడియో పక్కన నిద్రేం పడుతుంది? కాలుగాలిన పిల్లిలా వసారాలో తిరిగేవాడు. పెద్దాఫీసుకు ఏదైనా ఫిర్యాదు అందిందేమోనని రోజూ ఏదో వంకతో ఫోను చేసేవాడు. ఏమీ లేదనేవాళ్లు.

వారం సగంలో ఇనప గేటు పెద్దాయన వాళ్లింటికి వచ్చాడు. ముసలివాడైపోయాడు. ఆ పాత తగాదా గుర్తున్నట్టే, గుమ్మం దగ్గరే నసిగాడు.

"బాబూ, మా గేటు పాడైంది. పలకటం లేదు."

మరిది నోరు తెరిచాడు, మూశాడు. ఆ రోజు ఆయన చేసినట్టే.

"ఆ రోజు నూనె వెయ్యలేదులే నేను," అన్నాడు పెద్దాయన. "రంగు కూడా వెయ్యనివ్వలేదు. మా ఆవిడ పోయాక పొద్దున్నే నాతో మాట్లాడేది అదొక్కటే. తుప్పు రాలిపోయిందేమోనని నీళ్లు కూడా పోసి చూశాను. మళ్లీ తుప్పు పట్టాలంటే ఎన్నాళ్లు పడుతుందంటావు?"

"చూద్దాం... చూద్దామండీ," అన్నాడు మరిది. పెద్దాయన వెళ్లాక వదిన వంక తిరిగి, "చూశావా? గేటు పాడైందనుకుంటున్నాడు గానీ, స్టేషను ఆగిందనుకోవటం లేదు," అన్నాడు.

గడువు ముగిసే ముందు రోజు ఇంట్లో మిక్సీ కాలిపోయింది. వదిన దాన్ని సంచిలో వేసుకుని రిపేరు షాపుకు వెళ్లింది. లోపల కాలుపెట్టే చోటు లేదు. బల్ల మీద, బల్ల కింద, మెట్ల మీద అన్నీ రేడియోలే. పొట్టలు విప్పినవి కొన్ని, తీగలు వేలాడుతున్నవి కొన్ని. వాటి మధ్య రిపేరు షాపతను తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఇదేమిటయ్యా, సంత పెట్టావు?"

"ఏం చెప్పను పెద్దమ్మా! ఊరందరి సెట్లకీ ఒక్కసారే రోగం వచ్చింది. వేరే స్టేషన్లన్నీ చెవులు చిల్లులు పడేలా వస్తున్నాయి. మన స్టేషనొక్కటే రాదు. కాయిల్ మార్చాను, స్విచ్చి మార్చాను, స్పీకరు మార్చాను. బాగున్న సెట్లు కూడా నా చేతిలో పాడైపోతున్నాయి!"

వదిన నాలుక కరుచుకుంది. కరుచుకున్న నాలుకతోనే, చాలా అమాయకంగా అడిగింది. "స్టేషను వైపే ఏదైనా తేడా వచ్చిందేమో?"

అతను ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "మీ మరిది అక్కడుండగానా? ఒక్క పూటైనా ఆపనిస్తాడా ఆయన? చాన్సే లేదు పెద్దమ్మా. మా సెట్లే పోయుంటాయి."

వదిన మిక్సీ అక్కడే వదిలేసి, వయసు మరిచిపోయి ఇంటికి నడిచింది. వసారాలో ఉన్న మరిదికి ఒక్క ఊపిరిలో అంతా చెప్పింది. రేడియోల గుట్ట, మారిన కాయిల్స్, "ఆయన ఆపనిస్తాడా" అన్న మాటతో సహా.

మరిది మొదట అర్థంకానట్టు చూశాడు. తర్వాత గోడకు చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. ఆ నీళ్లన్నీ నవ్వువే కావని వదినకు తెలుసు. తెలిసీ అటు తిరిగి గిన్నెలు సర్దింది.

"వాళ్లు అడుగుతూనే ఉన్నారు వదినా. తప్పు తలుపు తట్టారు, అంతే," అన్నాడు తేరుకుని. "ఇక మనం అడిగించినట్టు కాదు. సరైన తలుపు చూపించినట్టు."

"అయితే నా మాట నాకు తిరిగిచ్చేసినట్టేనా?"

"ఇచ్చేశాను. రేపు పొద్దున్న ఒక బండి మాట్లాడు. ఆ రేడియోలన్నీ ఎక్కించు, వాటి తాలూకు మనుషుల్నీ వెంటబెట్టుకో. ఇనప గేటు పెద్దాయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టు. పెద్దాఫీసులో ఆ ఆఫీసరు బల్ల మీదే దింపించి, ఇవి బాగుచేయించి ఇమ్మని అడుగు."

"గేటో?"

"పీకగలిగితే అదీ తీసుకెళ్లు. లైసెన్సు అడిగితే నా పేరు చెప్పు."

వదిన కొంగు దోపుకుంటూ లేచింది. గుమ్మం దాటబోతుంటే మరిది మళ్లీ పిలిచాడు.

"వదినా, ఇన్నేళ్లూ మెల్లగా మాట్లాడమని నీ ప్రాణం తీశాను. రేపు అక్కడ మాత్రం మెల్లగా మాట్లాడకు."