తడిసిన పెళ్లి టేపు

కర్నూల్లోకి ఏటి నీళ్లు వచ్చిపోయిన కొద్ది రోజులకు మా బావ వీడియో స్టూడియోకు ఒకతను వచ్చాడు. ఏటి పక్క పల్లెలో సేద్యం చేసుకునేవాడు. వరదలో భార్య పోయింది, ఇంటితోపాటు ఫోటోలూ పోయాయి. కిందటేడు వాళ్ల పెళ్లి వీడియో తీసింది మా బావే.

"పెద్దకర్మకు ఫోటో పెట్టాలప్పా. ఆమె మొగం యాడన్నా ఉంటే మీకాడే ఉండాల," అన్నాడు.

కింది గది బురదలో ఆ టేపు దొరికింది. కడిగి ఆరబెట్టాం. రీలు ఒకసారి తిరిగితే అదే గొప్ప, రెండోసారికి తెగుతుంది. అది తిరుగుతుండగానే బొమ్మ మొత్తం ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. స్టూడియో కంప్యూటర్లు మునిగిపోయాయి, నా ల్యాప్‌టాప్‌లో చోటు లేదు. మిగిలింది మేడమీద నేను పెట్టిన స్టోరేజీ పెట్టె. అయిదు డిస్కులను ఒకటిగా కలిపి జెడ్‌ఎఫ్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిపేవాణ్ణి.

ముందు పరీక్షకని దాంట్లో ఒక ఉత్త ఫైలు రాయించి చూశాను. కాసేపు పరుగెత్తి ఆగిపోయింది. మళ్లీ పరుగు, మళ్లీ ఆగడం. టేపు తిరిగేటప్పుడు ఇలా ఆగితే అంతమేర బొమ్మ పోయినట్టే.

చోటు చూశాను, బోలెడుంది. కేబుల్ మార్చినా అదే తంతు. బావ పక్కన నిలబడి "ఇంగా ఎంతసేపు" అంటుంటే ఒళ్లు మండింది. చివరికి ఏ డిస్కు ఎంత ఆలస్యంగా రాస్తోందో విడివిడిగా చూశాను. నాలుగు చకచకా రాసేసి అయిదోదాని కోసం కాచుకుంటున్నాయి. కాడిలో ఒక ఎద్దు మొండికేస్తే రెండోది మాత్రం ఏం చేస్తుంది? చెడిపోయానని అది చెప్పదు, చెబితే జెడ్‌ఎఫ్‌ఎస్ దాన్ని పక్కన పెట్టేసేదే.

చెయ్యి పెడితే పెనంలా కాలింది. దాని ముందున్న గాలి కంతల నిండా గంధం, కుంకుమ ఎండి గట్టిపడి ఉన్నాయి. ఆయుధపూజ నాడు బావ మెత్తిన బొట్టు అది.

నేను గీకబోతే, "పూజబొట్టు అట్ల గీకగూడదప్పా," అన్నాడు బావ.

"బొట్టు పెడితే పెట్టినావు, ముక్కెందుకు మూసినావు బావా?"

పుల్లతో గీకి, బల్లఫ్యాను తిప్పాను. డిస్కు చల్లబడ్డాక ఫైలు ఎక్కడా ఆగలేదు. అప్పుడు ఆ రైతును తెర ముందు కూర్చోబెట్టి టేపు పెట్టాం.

పెళ్లికూతురు మొదటినుంచీ తల వంచుకునే ఉంది. కనబడేది బాసికం, పూలు, పాపిట. తాళి కట్టేటప్పుడూ అంతే. అతను తెరకు దగ్గరగా జరుగుతున్నాడు. ఈ అమ్మాయి మొహం చూపించకుండానే టేపు అయిపోతుందేమోనని నాకు భయమేసింది. తలంబ్రాల మధ్యలో ఒక్కసారి తలెత్తి, కెమెరా వైపు చూసి నవ్వబోయింది. అంతలో టేపులోనే ఆమె పక్కనుంచి ఒక మగగొంతు మెల్లగా వినిపించింది.

"తల దించుకో. అందరూ చూస్తాండారు."

దించిన తల మళ్లీ ఎత్తలేదు. టేపు చివరిదాకా తిరిగి తెగింది.

"ఆ ఒక్క బొమ్మ చాలు, ఫోటో చేసిస్తాం," అన్నాడు బావ.

అతను తెర వైపే చూస్తున్నాడు. "ఆ గొంతు నాదేనప్పా," అన్నాడు. "దాన్ని తీసేయను అయితాదా?"

ఫోటోలో గొంతు ఉండదని బావ చెప్పాడు. అతను తల ఊపాడు గానీ కుర్చీలోంచి లేవలేదు. చిన్న ముక్క కూడా పోకూడదని అంత పాటుపడినవాణ్ణి, అతని మొహం చూశాక, ఆ మాటొక్కటి పోయి ఉంటే బాగుండేదనుకున్నాను.