విమానంలో అయితే

యజ్ఞనారాయణగారికి దూరమంటే విమానానికి పట్టే సమయం. మైళ్లూ కిలోమీటర్లూ ఆయన నోట చందానగర్‌లో ఎవరూ వినలేదు. అలాగని విమానం ఎక్కిన మనిషా అంటే, అదీ కాదు. సైకిల్ షాపు బల్ల మీద కూర్చుని, నెత్తి మీదుగా పోయేదాన్ని చూసి "అదుగో, ఢిల్లీది" అనడం వరకే.

గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. ఆఫీసుకు రోజూ ఆలస్యం. అధికారి నిలదీస్తే, "చందానగర్ నుంచి విమానంలో అయితే రెండు నిమిషాలేనండి. తప్పంతా బస్సుదండి" అన్నారట. ఉప్పు నిండుకుందని భార్య పక్కనున్న మదీనాగూడ పంపితే, పది సెకన్లలో వస్తానని వెళ్లి, పొద్దుగూకాక ఉప్పు లేకుండా వచ్చారు.

ఈయన్ని చూస్తే సైకిల్ షాపు రామచంద్రానికి ఒళ్లు మంట. కాలేజీ మధ్యలో వదిలేసినవాడు, నోటికి అదుపు లేదు. ఆయన విమానం ముచ్చట్లకు తన ట్యూబుల్లో గాలి పోతోందని మొహం మీదే అనేవాడు.

డెబ్బై నాలుగులో, పక్కింటి కిష్టమ్మ కూతురు సక్కుబాయికి ఢిల్లీ దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది. కిష్టమ్మ పంపనంటే పంపనంది. ఢిల్లీ పోయిన మనిషి మళ్లీ కనపడదని ఆమె లెక్క. చేరే గడువు దగ్గరపడుతోంది, పిల్ల అన్నం మానేసింది. యజ్ఞనారాయణగారు కల్పించుకున్నారు.

"ఢిల్లీ ఎంతండీ కిష్టమ్మగారూ. విమానంలో అయితే రెండు గంటలు."

"అంటే, తెల్లాపూర్‌ల మా అక్కింటికి నడిచినంతనేనా?"

"అంతేనండి."

"గట్లయితే పోనీ."

మర్నాడే కూతుర్ని బస్సెక్కించింది. ఆ బస్సు దిగి సక్కుబాయి రైలెక్కిందనీ, ఆ రైలు ఒకటిన్నర రోజు పోయిందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. రామచంద్రం చెప్పబోతే యజ్ఞనారాయణగారు చెయ్యి నొక్కారు. ఈయన బండారం ఎప్పుడు బయటపడుతుందా అని అప్పట్నుంచీ వాడు కాచుకుని ఉన్నాడు.

మూడో నెలలో ఆ రోజు రానే వచ్చింది. కిష్టమ్మ కొత్త చీర కట్టుకుని, సర్వపిండి రొట్టెల మూటతో షాపు ముందుకొచ్చింది.

"బిడ్డకు వేడివేడిగ ఇచ్చి చీకటయ్యేలోపు వస్త. విమానం యాడ ఆగుతదో జర చూపెట్టుండ్రి సారూ."

రామచంద్రం స్పానర్ కింద పెట్టి, తమాషా చూడ్డానికి సిద్ధమయ్యాడు. యజ్ఞనారాయణగారు మొహం తెల్లబోయి ఇంట్లోకి వెళ్లిపోయారు. పారిపోయారనే అనుకున్నాడు. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తిరిగొచ్చి, ఈవేళ విమానం నిండిపోయింది, రేపు వెళదాం, ఇంకో వాయి వండుకోండి అన్నారు. అటునుంచటే వెళ్లి సక్కుబాయికి టెలిగ్రాం కొట్టారు.

మర్నాడు ఇద్దరూ బేగంపేట విమానాశ్రయానికి వెళ్లారు. సాయంత్రం ఆయన ఒక్కరే బస్సు దిగారు.

"మీరెక్కలేదా సారూ?" అన్నాడు రామచంద్రం.

"జన్మకోసారి ఎక్కుదామని దాచుకున్నది, ఒక్క టిక్కెట్టుకే కూడిందయ్యా. ఆవిడకి కిటికీ పక్కనే ఇప్పించాను" అన్నారాయన, తనే ఎక్కి దిగినంత సంబరంగా.

రామచంద్రం బల్ల మీది గ్రీజు తుడిచి, ఆయనకి చోటు చేశాడు.

వారానికి కిష్టమ్మ తిరిగొచ్చింది, కూతురు ఎక్కించిన రైల్లో. ఒళ్లంతా బొగ్గునుసి. నేరుగా షాపుకొచ్చి, నడుం మీద చెయ్యేసి నిలబడింది.

"ఏంది సారూ, పోంగ రెండు గంటలాయె. సర్వపిండి గూడ సల్లారలే. అదే ఢిల్లీ, రాంగ రెండు పగళ్లు, ఓ రాత్రి ఎట్ల పట్టింది?"

యజ్ఞనారాయణగారు ఆకాశంలోకి చూశారు. ఇన్నాళ్లూ రామచంద్రం కాచుకున్న అదను ఇదే. గాలి పంపు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఎదురుగాలి, పెద్దమ్మా" అన్నాడు.

కిష్టమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నిజమే బిడ్డా. అందుకే బొగ్గంత నా మొకానికే కొట్టింది."