వకుళ ఆంటీ, మా బాయిలర్, నా మొహమాటం

ఆస్ట్రేలియాలో చలికాలం, జూన్ నెల ఆదివారం మధ్యాహ్నం. ఆవాలు చిటపటమన్నాయి, కరివేపాకు నూనెలో పడి బుస్సుమంది. ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకు తగిలిన మరుక్షణం నా చెయ్యి తనంతట తానే వంటింటి కిటికీ తెరిచింది. మెల్బోర్న్ శివారు పాయింట్ కుక్ చలిగాలి పిలవని చుట్టంలా లోపలికి వచ్చి కూర్చుంది. సోఫాలో దుప్పటి కప్పుకున్న మా అమ్మాయి మైత్రి అక్కడినుంచే అరిచింది: "డాడ్! ఇట్స్ ఫ్రీజింగ్! హూ ఓపెన్స్ ఎ విండో ఇన్ వింటర్?" "బుద్ధి వచ్చినోడు తెరుస్తడమ్మా" అన్నాను. పొయ్యి దగ్గరున్న మా ఆవిడ సౌమ్య వెనక్కి తిరక్కుండానే అందుకుంది: "బుద్ధి రానప్పుడు టేపు ఏసిండు."

నిజమే. చాలా ఏళ్ళ కిందట ఆ టేపు వేసినవాణ్ణి నేనే. పైగా ఇంజనీరును. కాకపోతే నేను చేసేది సాఫ్ట్‌వేర్, మా బాయిలర్ హార్డ్‌వేర్. మా ఇద్దరికీ కనీసం ముఖపరిచయం కూడా లేదు. ఈ ఇంటి మొదటి యజమాని ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్దమనిషి. అక్కడి అలవాటు వదులుకోలేక లాండ్రీ గదిలో గ్యాస్ బాయిలర్ పెట్టించాడు. అది నీళ్ళు కాచి, గొట్టాలగుండా గదిగదికీ ఉన్న ఇనుప పలకలకు పంపుతుంది. పలకలు వేడెక్కితే ఇల్లు వేడెక్కుతుంది. ఆ లాండ్రీ గోడకు కిందివైపు ఒక గాలిజాలీ ఉండేది. అందులోంచి చలి రయ్యిన వచ్చేది. ఒకవైపు గ్యాస్ తగలేసి ఇల్లు వేడి చేసుకుంటూ, ఇంకోవైపు కన్నంలోంచి చలిని ఆహ్వానించడమేమిటని నాకు గొప్ప ఆలోచన వచ్చింది. ఇండియాకు అట్టపెట్టెలు పంపడానికి కొన్న గోధుమరంగు టేపు తీసుకుని ఆ జాలీకి అడ్డంగా, నిలువుగా, మళ్ళీ అడ్డంగా అతికించాను. ఎంత గట్టిగా అతికించానంటే, కస్టమ్స్ వాళ్ళు కూడా విప్పలేరు.

ఆ తరువాత బాయిలర్ కాసేపు నడిచి దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టింది. నేను వెంటనే మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాను: మనవాళ్ళలో బాయిలర్ పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. 'మనవాళ్ళు' అనే మాటలోనే లైసెన్సు, అర్హత, అనుభవం అన్నీ ఇమిడి ఉంటాయని అప్పట్లో నా నమ్మకం. యూనివర్సిటీలో నా జూనియర్ రఘు మరునాడే వచ్చాడు. వారమంతా ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతాడు, శనివారాలు స్నేహితుల ఇళ్ళలో షెల్ఫులూ కుళాయిలూ బిగిస్తాడు. బంగారంలాంటి మనిషి. ఫోనులో ఒక వీడియో చూస్తూ బాయిలర్ మూత విప్పాడు.

"అన్నా, ఇగో, ఈ సెన్సర్ ఖరాబైనట్టుంది. ఊకూకే బంద్ జేస్తుంది. దీన్ని బైపాస్ జేస్తే అయిపాయె."

"ఏం గాదు గద?"

"ఏం గాదన్నా. వీడియోల గూడ గిట్లనే జేసిండు."

బాయిలర్ భగ్గున వెలిగింది. రఘు ఒక్క డాలరు పుచ్చుకోలేదు. సౌమ్య చేసిన పులిహోర తిని, వదినకు దండం పెట్టి వెళ్ళాడు. ఇంత మంచితనం చూశాక ఆ బాయిలర్‌ను అనుమానించడానికి నాకు మనసెలా ఒప్పుతుంది?

అప్పటికి సౌమ్యకు ఐదో నెల. ఇంట్లోంచే పనిచేసేది. నేను పొద్దున్నే కారెక్కి సిటీకి పోయేవాణ్ణి. రఘు వచ్చి వెళ్ళాక ఆమెకు తలనొప్పి, వికారం, ఒళ్ళంతా నిస్సత్తువ మొదలయ్యాయి. కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనని ఫోనులో అందరూ చెప్పారు. అందరికంటే ఎక్కువగా నేను చెప్పాను. ఒకరోజు ఆమె అంది: "లైసెన్సున్నోళ్ళను ఎవర్నన్న పిలువు. అది మండే తీరు నాకు నచ్చుతలేదు. మంట నీలంగ ఉండాలె గద, పసుపుపచ్చగ వస్తుంది."

"రఘు జూసిండు గద. ఇంకొకల్ని పిలిస్తే పిల్లగాడు చిన్నబోతడు."

ఆమె పొట్టమీద చెయ్యి వేసుకుంది. "ఆ పిల్లగాని సంగతి సరే. ఈ పిల్ల సంగతేంది?"

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ ఇంట్లో గ్యాస్ కొట్టేది బాయిలర్ ఒక్కటే కాదు.

పక్కింట్లో వకుళ ఆంటీ ఉండేవారు. బాపట్లనుంచి ఎప్పుడో వచ్చి, మెల్బోర్న్ పడమటి శివార్లలో జీపీగా, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరుగా పనిచేసి, అప్పుడప్పుడే రిటైరయ్యారు. పొట్టి మనిషి, పొడుగు గొంతు. ఆవిడ మెల్లగా మాట్లాడుతున్నారంటే విషయం పెద్దదన్నమాట. ఒక ఆదివారం ఆవిడను భోజనానికి పిలిచాం. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. తాలింపు పొగకు భయపడి పొయ్యిమీది ఫ్యాను, పక్కనున్న ఎగ్జాస్టు ఫ్యాను రెండూ జోరుగా తిప్పాం. పప్పుచారులో తాలింపు వేసిన సౌమ్య గట్టు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఏమ్మా, తలనొప్పా?" అన్నారు ఆంటీ.

"ఎప్పుడుండేదే ఆంటీ."

"ప్రెగ్నెన్సీ గద ఆంటీ, బీపీ గిట్ల..." అన్నాను నేను.

"నువ్వాగవయ్యా డాక్టరూ. సౌమ్యా, బయటికెళ్తే కూడా ఉంటుందా?"

"నిన్న బీచ్ కాడ అస్సలు లేకుండె. ఇంటికొచ్చి వంట మొదలువెట్టంగనే వస్తది."

"నీకో, శ్రీధరా?"

"నాకు శని ఆదివారాలు కొంచెం ఉంటది. వారమంత ఆఫీసు టెన్షన్ గద, లీవు రోజు బయటపడ్తది."

ఆవిడ తిరుగుతున్న ఫ్యాన్లకేసి చూశారు, మూసిన కిటికీలకేసి చూశారు. లాండ్రీ తలుపు తీసి గోడకున్న నా టేపుపనిని చూశారు. పొయ్యి ఆపారు, బాయిలర్ స్విచ్చి ఆపారు, తలుపులన్నీ బార్లా తెరిచారు. అప్పుడు చాలా మెల్లగా అన్నారు: "ఇద్దరూ చెప్పులేసుకోండి. ఆసుపత్రికి పోదాం. ఇప్పుడే."

"పప్పుచారు..." అన్నాను.

"పప్పుచారు ఎక్కడికీ పోదు. మనం పోదాం."

కారులో చెప్పారు. గాలి సరిగా అందని మంట కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును కక్కుతుందట. రంగుండదు, వాసనుండదు. తల్లికంటే కడుపులోని బిడ్డకే ఎక్కువ ప్రమాదం. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ అద్దంలోంచి వెనకసీటులోని సౌమ్యను చూడలేదు, రోడ్డునే చూశారు. రక్తపరీక్షలో ఆవిడ అనుమానం నిజమని తేలింది. ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. సౌమ్య పొట్టమీద ఒక పరికరం ఆనించి నర్సు అటూ ఇటూ జరుపుతూ వెతికింది. గదిలో గరగరమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. నా జీవితంలో అంత పొడుగైన గరగర ఇంకెప్పుడూ వినలేదు. ఆ తరువాత వినబడింది, బిడ్డ గుండె, గుర్రప్పిల్ల పరిగెత్తినట్టు. సౌమ్య ఏడ్చింది. నర్సు మాత్రం వెంటనే నవ్వలేదు, ఇంకా కొన్నాళ్ళు జాగ్రత్తగా చూస్తూ ఉండాలంది.

కాస్త తేరుకున్నాక ఆంటీ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రేపు పొద్దున్నే లైసెన్సున్న గ్యాస్ మనిషిని పిలవాలి."

నేను మొహానికున్న ఆక్సిజన్ మాస్కు పైకెత్తి అన్నాను: "రఘుకు ఒక మాట జెప్పి పిలుస్త ఆంటీ. లేకపోతే ఏమనుకుంటడో."

ఆక్సిజన్ మాస్కు ఎత్తి మరీ మొహమాటపడిన మొదటి తెలుగువాణ్ణి బహుశా నేనే. ఆవిడ నన్ను కసురుతారనుకున్నాను. మెల్లగానే అన్నారు: "మొహమాటమంటే ఏంటో తెలుసా నాయనా? బయటివాడి మొహం వాడకుండా చూసుకుంటూ, ఇంట్లోవాళ్ళ మొహం చూడకపోవడం." మళ్ళీ అన్నారు: "నేనూ మొదట్లో ఇంతేలే. ఎవరేం చెప్పుకున్నా నాకన్నీ తెలిసినట్టే మందు రాసేదాన్ని. 'ఇది నా వల్ల కాదు, ఫలానా డాక్టరు దగ్గరికి పో' అనడం వచ్చేసరికి సగం ఉద్యోగం అయిపోయింది."

మరునాడు ఆసుపత్రినుంచి నేరుగా ఆంటీ ఇంటికే వెళ్ళాం, అక్కడినుంచే నేను ఫోన్లు చేశాను. ఆవిడ పక్కనే కూర్చుని విన్నారు. మొదటి ప్లంబర్‌తో, సెన్సర్ పాడైందనుకుంటానని మొదలుపెట్టగానే నా మోకాలిమీద ఒక్కటి చరిచారు. "నువ్వేమనుకుంటున్నావో ఎవడిక్కావాలి? ఏం జరిగిందో చెప్పు." చెప్పాను: జాలీ మూసిన సంగతి, మంట రంగు, తలనొప్పులు, ఆసుపత్రి. అతను అంతా విని, తాను కుళాయిలూ డ్రైన్లూ చూసేవాణ్ణని, ఇది తన పని కాదని చెప్పాడు. గ్యాస్ లైసెన్సుతోపాటు బాయిలర్ల సర్వీసింగ్‌కు అర్హత ఉన్నవాళ్ళను వెతుక్కోమన్నాడు. కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష చేస్తారా అని ముందే అడగమన్నాడు. నేను నీరుగారిపోయాను. ఆంటీ మాత్రం మురిసిపోయారు. "ఎంత మంచివాడయ్యా! తనది కాదని చెప్పి, ఎవరిదో కూడా చెప్పాడు. అతని నంబరు దాచుకో, కుళాయి పాడైతే అతన్నే పిలుద్దాం."

అతను చెప్పిన ప్రశ్నలు అడుగుతూ పోతే లిండా అనే గ్యాస్‌ఫిట్టర్ దొరికింది. అడగకముందే లైసెన్సు నంబరు చెప్పింది, గడపలోనే విషవాయువు కొలిచే మీటరు ఆన్ చేసింది. టేపు పీకడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. "మేట్, దీన్ని పార్సిల్లో ఎవరికి పంపుదామనుకున్నావు?" అని అడిగింది. తరువాత వివరించింది. ఆ జాలీ బాయిలర్‌కు ముక్కు. అది మూసుకుపోయాక, వంటింటి ఫ్యాన్లు ఇంట్లో గాలిని బయటికి లాగుతుంటే, పొగగొట్టంగుండా పైకి పోవలసిన వాయువు వెనక్కి తిరిగి ఇంట్లోకే వచ్చింది. ఆ సంగతి కనిపెట్టి బాయిలర్‌ను ఆపుతున్నది ఆ సెన్సరే. అంటే మా ఇంట్లో బుద్ధిగా పనిచేసిన ఒకే ఒక్కదాన్ని మేము బైపాస్ చేశామన్నమాట. ఆ బాయిలర్‌ను వాడకూడదని చీటీ కట్టి గ్యాస్ ఆపేసింది. కొన్ని రోజులకు దాని బదులు ఇంటి బయటి గోడకు బిగించే రకం పెట్టింది. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా అమర్చింది.

రఘుకు ఫోను చేయడానికి మాత్రం ఆంటీ సాయం రాలేదు. "అది నీ వైద్యం" అన్నారు. చెప్పాను. రఘు మొదట అడిగింది ఒకటే.

"వదిన ఎట్లుందన్నా?"

"మంచిగనే ఉంది. బిడ్డ గూడ."

"అన్నా... నాకు ఆ బాయిలర్ గురించి ఏం తెల్వదే. అంత ఆశగ పిలిస్తివి, రాదని ఎట్ల జెప్పాల్నో తెల్వలే."

ఇద్దరం మొహమాటస్థులం కలిసి ఒక ఇంటిని దాదాపు ఊపిరాడకుండా చేశాం. ఆ సాయంత్రమే అతను ఆంటీ ఇంటికి వచ్చి సౌమ్య ముందు తలవంచుకుని నిలబడ్డాడు. సౌమ్య అతణ్ణి ఏమీ అనలేదు. అనవలసినవన్నీ నాకే దాచిపెట్టింది. ఆ వసంతంలో మైత్రి పుట్టింది. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ అయి, బిడ్డ బాగుందని డాక్టరు చెప్పేదాకా ఆంటీ వరండాలో పచార్లు చేస్తూనే ఉన్నారు. చెప్పాక నా భుజానికి తల ఆనించారు. ఆవిడ కూడా భయపడ్డారని నాకు అప్పుడే తెలిసింది.

ఆవిడ దగ్గర నేర్చుకున్నది బాయిలర్‌తో ఆగలేదు. ఆఫీసులో నాకు తెలియని పని ఒప్పచెబితే, తెలియదని చెప్పి తెలిసినవాళ్ళ పేరు చెప్పడం మొదలుపెట్టాను. కొంపలు మునగలేదు సరికదా, మా మేనేజరు తనకూ తెలియదని ఒప్పుకున్నాడు. ఏటా చలికాలం రాకముందే ఆంటీ గోడమీదుగా కేకేసేవారు: "బాయిలర్‌కి సీమంతం చేయించావా?" లిండా వచ్చి సర్వీసు చేసి వెళ్ళేదాకా ఆ కేక ఆగేది కాదు.

అయితే నాకు మందిచ్చిన డాక్టరమ్మకే ఆ మొహమాటం జబ్బు ఉందని తరువాత తెలిసింది. రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరు దద్దుర్ల ఫోటోలు, షుగరు రిపోర్టులు పంపుతూనే ఉండేవారు. ఆవిడ ఎవరికీ కాదని చెప్పలేకపోయేవారు. కిందటేడు గుండెకు స్టెంటు వేసి ఇంటికి పంపించారు. బ్రిస్బేన్‌లో ఉండే కూతురు వచ్చి కొన్నాళ్ళుండి, తల్లిని తన దగ్గరికి తీసుకుపోయే ఏర్పాట్ల కోసం తిరిగి వెళ్ళింది. ఆ మధ్యలో నేనూ సౌమ్యా చూసుకునేవాళ్ళం. విశ్రాంతి తీసుకోమని ఆసుపత్రివాళ్ళు చెప్పి పంపిన మనిషి, చేతికి సూది గుచ్చిన నల్లమచ్చ మానకముందే, మంచంలో కూర్చుని ఎవరిదో కొలెస్ట్రాల్ చదువుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఈసారి మంట రంగు సరిగ్గానే ఉంది.

ఆ మధ్యాహ్నం ఒకాయన వాళ్ళ నాన్నగారి స్కాను ఫైలు పట్టుకుని వచ్చాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"డాక్టరుగారు చూడరండి. మీ జీపీ దగ్గరికి వెళ్ళండి."

"అయిదు నిమిషాలేనండీ. మనవాళ్ళమేగా!"

"మనవాళ్ళు గనుకనే చెప్తున్నానండి. మీ నాన్నగారిని స్వయంగా చూసే డాక్టరుకే చూపించండి. ఆవిణ్ణి పడుకోనివ్వండి."

ఆయన మొహం ముడుచుకుపోయింది. ఆ ముడుత చూస్తూ కూడా నేను కదలలేదు. దగ్గర్లోని క్లినిక్ ఎక్కడుందో చెప్పి, గేటు దాకా సాగనంపి వచ్చాను. లోపల ఆంటీ మండిపడుతున్నారు.

"ఎవర్రా వచ్చింది? ఎందుకు పంపించేశావ్? పాపం, ఎంత దూరంనుంచి వచ్చాడో!"

ఆవిడ ఫోను తీసుకుని చప్పుడు ఆపేసి నా జేబులో వేసుకున్నాను. "రేపిస్త ఆంటీ."

"నా ఇంట్లో నా ఫోను నువ్వు లాక్కుంటావా? పోరా, నీతో మాట్లాడను."

"మాట్లాడకుండ్రి. పండుకోండ్రి."

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకున్నారు. మొహం మాడ్చుకున్న వకుళ ఆంటీని అలా చూస్తూ, నా జీవితంలో మొదటిసారి ఒక మనిషికి కోపం తెప్పించి హాయిగా కుర్చీలో జారబడ్డాను. కాసేపటికి గోడవైపునుంచి గురక మొదలైంది.