పరిగె బస్తా

హోబర్ట్ టైండాల్ దోసకాయ ఊరగాయల ఫ్యాక్టరీలో చేరేనాటికి అతనికింకా మీసం సరిగా మొలవలేదు. పని మానుకునే నాటికి తల నెరిసి, చెవులు రెండూ మందగించాయి. ఉప్పునీటి తొట్ల దగ్గర, పంపుల హోరులో బతుకంతా గడిపిన మనిషికి అదేమంత వింత కాదు. అతను ఎవరి దగ్గరా వాపోలేదు. ఆదివారం చర్చిలో పక్కవాళ్ల పెదాలు చూసి పాటలో గొంతు కలిపేవాడు.

చిక్కల్లా భార్య ఐనాతో వచ్చింది. క్రిస్మస్ వెళ్లగానే ఆమె గొంతుకు ఆపరేషన్ చేశారు. దేవుడి దయవల్ల ప్రాణం నిలిచింది కాని గొంతు నూలుపోగంత సన్నమైపోయింది. వంటింట్లోంచి అతన్ని పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొట్టవలసి వచ్చేది. చికిత్సకు ఆమెను పట్నం తిప్పాలి గనక ఫిబ్రవరి నెలాఖరున పని మానేస్తానని హోబర్ట్ చెప్పేశాడు.

అంతకు ముందు నవంబరులో, పని మానే ఊహ కూడా లేనప్పుడు, అతను ఫ్యాక్టరీవారి వైద్యం ఖాతాలో చెవి మిషన్లకు సరిపడా సొమ్ము రాయించుకున్నాడు. జీతం మీద పన్ను పడకముందే వారం వారం కొంత అందులోకి పోతుంది. ఆ ఖాతాకు ఒక గుణం ఉంది. మనం ఏడాది పొడుగునా కట్టవలసిన మొత్తం, వాడుకోవడానికి మాత్రం జనవరి మొదటి రోజునే చేతికి సిద్ధంగా ఉంటుంది. మధ్యలో పని మానేస్తే మిగతాది కట్టమని ఎవరూ అడగరు. అయితే మానిన తరవాత కొన్నదానికి ఒక్క సెంటు కూడా రాదు.

కాబట్టి మిషన్లు కొంటే నెలాఖరులోపే కొనాలి. లేకపోతే ఇక వాటి మాటే మరిచిపోవాలి. పింఛనుతో అంత ఖరీదు పెట్టడం అయ్యే పని కాదు. అన్నీ తెలిసి కూడా హోబర్ట్ చెవుల డాక్టరు గడప తొక్కలేదు.

"ఏంటన్నా, ఇంకా వెళ్లలేదా?" అని భోజనాల బల్ల దగ్గర డ్వేన్ అడిగాడు. తొట్ల పనిలో హోబర్ట్ చేతికింద ఎదిగినవాడు.

"కట్టింది గుప్పెడు, తీసుకునేది గంపెడు. అది నాదెలా అవుద్దిరా?"

"చట్టమే ఇమ్మంటుంటే కాదనడానికి నువ్వెవరివి? నా సంగతి చూడు. మా పాపను చూసుకునే ఆవిడకిచ్చేది ఫ్యాక్టరీవారు పిల్లల ఖర్చుకని పెట్టిన రెండో ఖాతాలోంచే. అందులో ఎంత వేస్తే అంతే వస్తుంది. నీది బంగారు బాతన్నా!"

"కాస్త గట్టిగా చెప్పరా."

"బంగారు బాతు!" అని డ్వేన్ అరిచాడు. గదిలో అందరూ తలలు తిప్పారు.

"నా బాతు గురించి ఊరందరికీ చెప్పావు, సంతోషం. తిను," అన్నాడు హోబర్ట్.

ఇంటికొచ్చి ఐనాతో ఇదే అన్నాడు. ఆమె కుర్చీ దగ్గరగా లాక్కుని అతని చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడింది. "నీ చెవులకి పిడుగు పడ్డా వినపడదు. నీ మనస్సాక్షికి మాత్రం చీమ నడిచినా వినపడుద్ది."

"ఊరికే తీసుకోవడం నాకు చేతకాదే."

"అదే నీ జబ్బు. ఏటేటా కోతలైన చేలల్లో ఏరిన చిలగడదుంపల పరిగె బస్తాలు ఊళ్లో ఎన్ని గుమ్మాల్లో దించావు? మన గుమ్మంలో ఒక్కటి దించావా? ఆపరేషనైన వారం పక్కింటివాళ్లు వాకిట్లో కోడికూర పెట్టి వెళ్తే, గిన్నె తోమి తిరిగిచ్చేదాకా నీకు నిద్ర పట్టలేదు."

ఆ రాత్రి హోబర్ట్ ప్రార్థనలో మామూలుకంటే ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉన్నాడు.

మర్నాడు జీతాలు చూసే కోర్లిస్ గారి గదికి వెళ్లి, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"మిషన్లు కొనుక్కుంటానమ్మా. మిగతాది నా ఆఖరి జీతంలోంచి పట్టుకోండి."

కోర్లిస్ బల్ల మీద ముందుకు వంగి, అతనికి పెదాలు కనబడేలా చెప్పింది. "పట్టుకోకూడదు హోబర్ట్. రూలు ఒప్పుకోదు."

"అయితే నాకు వద్దులెండి."

"కూర్చో. డిసెంబరులో మనవాళ్లంతా మందుల షాపు మీద ఎందుకు పడతారు? ఖాతాలో మిగిలింది పోతుందని. ఎంత పరుగెత్తినా ఎవరో ఒకరు మరిచిపోతారు. కిందటేడు నేనే కళ్లజోడు కొనుక్కోకుండా వదిలేశాను. అలా మిగిలిపోయినవి ఉంచి, మధ్యలో వెళ్లేవాళ్లు ఎక్కువ వాడుకున్నదాన్ని పూడుస్తాం."

"అంటే మీ కళ్లజోడుతో నేను వింటానన్నమాట."

"విను నాయనా. మా ఆయన్ని నేను తిట్టేవి మాత్రం వినకు."

హోబర్ట్ నవ్వాడు. బయటికొచ్చాక ట్రక్కులో చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. కోత యంత్రం వెళ్లాక దుక్కిలో మిగిలిన దుంపలు అతని కళ్ల ముందు మెదిలాయి. రైతు వాటిని కావాలనే వదిలి గేటు తెరిచి ఉంచుతాడు. బస్తా దించితే అందుకునే ముసలమ్మలు గుర్తొచ్చారు. "దేవుడు చల్లగా చూడాలి నాయనా" అని, ఒక్కరైనా సిగ్గుపడకుండా, ఎంత తేలిగ్గా అందుకునేవారు! ఇవ్వడం ఇన్నాళ్లూ తన భక్తి అనుకున్నాడు. అందుకోవడం వాళ్ల భక్తి అని ఇవాళ్టిదాకా తోచలేదు.

ట్రక్కు తిన్నగా చెవుల డాక్టరు దగ్గరికి పోనిచ్చాడు.

పనికి ఆఖరి వారంలో మిషన్లు చెవుల్లోకి వచ్చాయి. ఇంటికొచ్చే దారిలో ఏదో టిక్కు టిక్కుమంటుంటే బండి చెడిందనుకుని ఆపాడు. మలుపు దీపం వేసి తియ్యడం మరిచిపోయాడు, అంతే. ఎన్నేళ్ల నుంచి అలా మొత్తుకుంటోందో పాపం.

వంటింటి తలుపు తీశాడు. ఐనా పొయ్యి దగ్గర అటు తిరిగి మొక్కజొన్న రొట్టె కాలుస్తోంది. అతను వస్తాడని తెలుసు కాని, మిషన్లు ఇవాళే వస్తాయని తెలియదు.

"వచ్చాడు మహానుభావుడు," అని తనలో తాను గొణుక్కుంది. "ఇప్పుడే తుడిచాను. బూట్లతోనే తొక్కుకుంటూ వచ్చేస్తాడు చూడు."

ఆ నూలుపోగు గొంతు గదంతా దాటి అతన్ని చేరింది. హోబర్ట్ గుమ్మంలోనే ఆగి, వంగి, బూట్లు విప్పి ఒక పక్కగా పెట్టాడు.

రొట్టె తిరగేసి ఇటు తిరిగిన ఐనాకు అతని మేజోళ్లు కనిపించాయి. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"ఇన్నాళ్లూ ఇవేనా నువ్వు నన్ను అంటున్న మాటలు?" అన్నాడు హోబర్ట్.

"ఇవి కాస్త మంచివి," అంది ఐనా గుసగుసగా.