గట్టిపడనన్న గానుగ షాఫ్టు

2023 చలికాలం. రేణిగుంట దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. అందులో అయస్కాంత శక్తి ఉక్కు లోపలి అణువులను కదిలించి కొత్త వరుసలో నిలబెట్టిన వీరగాథ ఒకటి చెప్పబోతున్నాను. అంటే, అలా మొదలుపెడితే చదువుతారని. నిజానికిది చెరకు గానుగ షాఫ్టు ఒకటి మెత్తగా వచ్చిన సంగతి.

మా పని ఇండక్షన్ హార్డెనింగ్. రాగి గొట్టాన్ని చుట్టలా వంచి, దానిలో కరెంటును అతి వేగంగా అటూ ఇటూ పరిగెత్తిస్తే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. మధ్యలో ఉక్కు ముక్క పెడితే మంటా పొగా లేకుండా పైపొర ఎర్రబడుతుంది. ఆ వేడికి ఇనుము అణువులు పాత వరుస వదిలి, ఆస్టెనైట్ అనే కొత్త వరుసలో నిలబడతాయి. అందులో కార్బన్‌కు చోటు దొరుకుతుంది. అప్పుడు ఒక్కసారిగా నీళ్లు కొడితే, బస్సు తలుపు మూసేసినట్టు, కార్బన్ బయటికి రాలేక ఇరుక్కుపోతుంది. ఆ ఇరుకే గట్టిదనం.

చిక్కంతా నీళ్లు ఎప్పుడు కొట్టాలన్నదే. సుమారు ఏడువందల డెబ్బై డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది. దాన్ని క్యూరీ పాయింట్ అంటారు. అప్పుడు మీటరు సూది టక్కున పడుతుంది. కానీ మా మెషీన్ వేగానికి అణువులన్నీ అప్పటికి సర్దుకోవు, ఇంకాసేపు వేడి కావాలి. ఆ ‘ఇంకాసేపు’ని మా ఆపరేటర్ మునిరత్నం అన్న తనదైన పద్ధతిలో కొలిచేవాడు. సూది పడగానే, ఊపిరి తీసుకుంటూ, సాగదీసి మూడుసార్లు గోవిందా అనేవాడు. మూడోది అయ్యాక నీళ్లు. నేను బీటెక్ మెటలర్జీ చదివి వచ్చినవాణ్ని కాబట్టి మొదటి రోజు నవ్వాను. ముక్కలన్నీ గట్టిగా వస్తుంటే నవ్వడం మానేశాను.

ఆ రోజు పాకాల వైపు నుంచి చెంగల్రాయుడు అనే రైతు షాఫ్టు ఆటోలో వేసుకొని వచ్చాడు. బెల్లం వండే మనిషి. గానుగ షాఫ్టు విరిగితే కొత్తది లేత్ మీద చేయించాడు. దాన్ని పట్టి ఉంచే గొట్టాల్లో, అంటే బుష్షుల్లో, తిరిగే చోట గట్టిపరచకపోతే వారానికే అరిగిపోతుంది.

“చెరుకు నరికేసినానబ్బా,” అన్నాడు నాతో. “కుప్పేసి ఉండాది. ఎండేకొద్దీ రసం పోతాది. రేపు పొద్దున గానుగ తిరగకుంటే పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు.”

“గంటలో అయిపోతుంది పెద్దాయనా,” అన్నాను. వృత్తిలో ఉన్నవాడెవడూ అనకూడని మాట అది.

షాఫ్టు కాయిల్‌లో పెట్టాం. ఎర్రబడింది. సూది పడింది. మూడు గోవిందాలూ వినిపించాయి, నీళ్లు కొట్టాం. చల్లారాక ఆకురాయితో రుద్దాను. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఇది కొరికింది. ఒకచోట జారింది, పక్కనే మళ్లీ కొరికింది.

“ఏమబ్బా, బాగుండాదా?” అన్నాడు ఆయన.

“చూస్తున్నాం.”

“డాక్టర్లు గూడా ఇట్లే అంటారు,” అన్నాడు. ముఖంలో నవ్వు లేదు.

సగం గట్టిపడిన ఉక్కును మళ్లీ కాల్చి నీళ్లు కొడితే పగులు రావచ్చు. ఉన్నది ఒక్క షాఫ్టు. తప్పెక్కడో తెలియకుండా రెండోసారి చేయలేను. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఇనుము పాత వరుసను ఓ పట్టాన వదలదని కాలేజీలో చదివింది గుర్తొచ్చింది. మా కాయిలే అణువులను పట్టుకొని కదలనివ్వలేదేమో. మునిరత్నం అన్నకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“నిన్న గూడా ఇదే కాయిలు గదా సార్. నిన్న యాడికి పోయింది ఆ క్షేత్రం?”

నిజమే. అణువులను ఆపడానికి ప్రయోగశాలల్లోని భారీ అయస్కాంతాలు కావాలి. మా కాయిల్‌కి అంత సీన్ లేదు.

షాఫ్టు చేసిన కడ్డీలోంచి లేత్ దగ్గర మిగిలిన తుంట ఒకటి చెంగల్రాయుడు వెంట తెచ్చాడు. దాన్ని రెండు ముక్కలు కోశాం. చెంగల్రాయుడు టీకి వెళ్లినప్పుడు మొదటిది చేశాం. ఆకురాయి జారిపోయింది. గాజంత గట్టి. ఆయన తిరిగొచ్చాక రెండోది పెట్టాం. సూది పడింది.

“గోవిందా...” అన్నాడు మునిరత్నం అన్న.

“గోవిందా!” అన్నాడు చెంగల్రాయుడు, కళ్లు మూసుకొని, చేతులు జోడించి.

“గోవిందా...” అంటూనే మునిరత్నం అన్న నీళ్లు కొట్టేశాడు.

చల్లారాక ఆకురాయితో రుద్దాను, కొరికింది. మా వైపు ఎవరైనా గోవిందా అంటే బదులు పలకకుండా ఉండే మనిషి పుట్టలేదు. మునిరత్నం అన్న చెవి ఆ బదులును కూడా లెక్కలో వేసుకుంది. మూడూ అయ్యాయి, సమయం మాత్రం సగమే అయింది. షాఫ్టుకూ ఇదే జరిగింది.

“అయితే నా నోరే నా గానుగను ఆపిందా?” అన్నాడు ఆయన.

“నీ నోరు కాదప్పా, నా చెవి,” అన్నాడు మునిరత్నం అన్న. “రొంత సేపు బయట కూర్సో.”

షాఫ్టును ముందు మెల్లగా వేడిచేసి, బూడిదలో కప్పి, నిదానంగా చల్లారనిచ్చాం. పాత గట్టిదనం దిగాక మళ్లీ కాయిల్‌లో పెట్టాం. చెంగల్రాయుడు గేటు దగ్గర అటూ ఇటూ నడుస్తున్నాడు. మూడు గోవిందాల మధ్య ఎవరూ పలకలేదు. నీళ్లు పడ్డాక ఎక్కడ టిక్కుమంటుందోనని చెవి దగ్గర పెట్టి విన్నాను. టిక్కుమంటే పగులు. ఏమీ వినిపించలేదు. ఆకురాయి జారింది, చివరిదాకా జారింది.

“పో పెద్దాయనా, తిప్పుకో,” అన్నాను. ఆయన షాఫ్టును చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకొని ఆటో ఎక్కాడు. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేస్తే గానుగ చప్పుడే వినిపించింది, ఆయన మాట వినిపించలేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. అయస్కాంతం ఉక్కును గడప దాకా తీసుకొస్తుంది. లోపల సర్దుకోవడానికి అణువులకు కాస్త టైము మనమే ఇవ్వాలి. తర్వాతి వారం మెషీన్‌కు టైమర్ బిగించాం. దాని బటన్‌లో దుమ్ము చేరితే అతుక్కుపోతుంది, వారానికోసారి తుడవాలి.