నీలం రంగు కింద రెండు పిట్టలు

మా చిన్నప్పుడు... హన్మకొండలో మా మేడమీది గదికి ఆకాశం వేయించారు. గోడలకు లేత నీలం, పైకప్పుకు ముదురు నీలం, వాటి మీద తెల్లటి మబ్బులు...

మా నాన్నది స్టీలు సామాన్ల దుకాణం. హైదరాబాద్‌లో ఎవరో సేటు ఇంట్లో పిల్లల గదిని అలా చూసొచ్చి, "మన శ్రావణికి గసొంటి రూం చేపియ్యాలె" అని పట్టుబట్టాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. రంగు డబ్బాలు ఇంటికి రాకముందే బడంతా చెప్పుకుని తిరిగాను.

ఆ రోజుల్లో మా మేనత్త, ఆమె కూతురు రజిత మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. మామయ్య కాజీపేటలో రైల్వే ఉద్యోగి... జ్వరమొచ్చి పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆయన ఉద్యోగం అత్తకు వచ్చేదాకా తల్లీబిడ్డలు మా సామాన్ల అర్రలో, అట్టపెట్టెల మధ్య బొంత పరుచుకుని పడుకునేవారు. ఆ అర్రకు కిటికీ లేదు. రజితకు తొమ్మిదేళ్ళు.

"రూం తయారైతే ఇద్దరు పిల్లలు అండ్లనే పండుకోవాలె" అన్నాడు నాన్న. ఆ మాటకు రజిత ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం అది నచ్చలేదు.

దసరా సెలవుల్లో, దుకాణాలకు బోర్డులు రాసే యాదగిరన్న వచ్చి పని మొదలుపెట్టాడు. నీలం పూర్తిగా ఆరకముందే స్పాంజి ముక్కను తెల్లరంగులో ముంచి అద్దాలి, అంచులు వేలితో చెరపాలి, అప్పుడే అది మబ్బులా ఉంటుందని మా ఇద్దరికీ చూపించాడు. నేను అద్దితే సున్నం మరకలా వచ్చింది. రజిత అద్దితే... గాలొస్తే కదిలిపోతుందేమో అన్నట్టు ఉంది.

"ఈ పిల్ల చేతుల ఏందో ఉన్నది సేటూ!" అన్నాడాయన నాన్నతో. నేను పక్కనే ఉన్నాను.

ఆ తర్వాత నేను స్పాంజి ముట్టలేదు. రజిత మాత్రం పొద్దున్నే చద్దన్నం తిని పైకి వెళ్ళేది... జుట్టంతా తెల్లచుక్కలతో సాయంత్రం దిగేది. ఒక గోడ మొత్తం ఆమెకే వదిలేశాడు యాదగిరన్న.

పని అయిపోయిన రోజు ఆయన వెళ్ళిపోయాక చూశాను. తన మంచం వేస్తామన్న మూల, పడుకుంటే కళ్ళకు ఎదురుగా ఉండేంత ఎత్తులో, రజిత రెండు తెల్లపిట్టలు గీసుకుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఏందే ఇవి?"

"పెద్దది మా బాపు వదినా... చిన్నది నేను."

నేను కిందికి దిగి, వంటింట్లో ఉన్న అమ్మ కొంగు పట్టుకున్నాను. "అమ్మా... సచ్చిపోయిన మామయ్య బొమ్మ నా గోడ మీద గీసింది. నాకు భయమైతాంది. నేనా రూంల పండుకోను."

భయం ఏ కోశానా లేదు. అబద్ధమని తెలుసు. ఏడుపు కూడా తెచ్చుకున్నాను.

అమ్మ నాన్నను పిలిచింది. నాన్న పైకి వచ్చి, పిట్టలను చూసి, "గీసినోళ్ళే తుడుపాలె" అని నీలం డబ్బా, కుంచె రజిత చేతికిచ్చాడు.

రజిత ఏడవలేదు. ముందు చిన్నపిట్ట మీద పూసింది. పెద్దదాని ముందు కాసేపు ఆగింది... తర్వాత దాని మీదా పూసింది. అయినా తెలుపు కింద నుంచి లీలగా తేలుతోంది.

"ఇంకా కనబడుతాంది" అన్నాను.

మళ్ళీ పూసింది.

"అగో... రెక్క కనబడుతాంది."

మూడోసారి కుంచె ముంచింది. గడపలో మా అత్త నిలబడి ఉంది. అన్న ఇంట్లో తలదాచుకున్న మనిషి... ఏమంటుంది? "మంచిగ పుయ్యి బిడ్డా. వదినెకు భయమైతాంది గద" అన్నది. సాయంత్రం ఉప్పు, మిరపకాయలు తెచ్చి నాకు దిష్టి కూడా తీసింది. పోయిన తన భర్త వల్ల పిల్ల జడుసుకుందని...

రజిత ఆ గదిలో ఒక్కరోజు కూడా పడుకోలేదు. "మా అమ్మ కాడనే పండుకుంట" అంది. రమ్మని ఎవరూ అడగలేదు. సెలవులయ్యాక నా దోస్తులు చూడటానికి వచ్చి, "మబ్బులు ఎవలేసిండ్రే?" అంటే, "పెయింటర్" అన్నాను. మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని రజిత అక్కడే ఉంది.

ఎండాకాలంలో అత్తకు ఉద్యోగం వచ్చింది. ఇద్దరూ కాజీపేట క్వార్టర్‌కు వెళ్ళిపోయారు.

మొన్నామధ్య అక్కడే రజిత కొత్త ఇంట్లోకి దిగితే వెళ్ళాను. చుట్టాలందరూ భోజనాల దగ్గర ఉన్నారు. వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఇన్నేళ్ళుగా నాలో నలుగుతున్నది చెప్పేశాను. "రజితా... ఆ రోజు నాకు భయం కాలే. అబద్ధం చెప్పిన."

రజిత గిన్నెలు సర్దడం ఆపలేదు. "తెలుసు వదినా. నువ్వు నవ్వుకుంట మెట్లు దిగినవ్. నేను చూసిన."

"నన్ను మాఫ్ చెయ్యి."

అప్పుడు నా వైపు తిరిగింది. కోపంగా లేదు. "మాఫ్ చేసిన అంటే నీ పానం నిమ్మలమైతది. నేనైతే అనలేను వదినా. మా బాపు మీద నా చేతులతోనే మూడుసార్లు రంగు పూపిచ్చినవ్." చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "పా... అన్నం తిని పో."

తిన్నాను. కొసరి కొసరి వడ్డించింది.

ఇప్పుడు పిల్లల గదికి ఆకాశం కావాలంటే ఫోన్‌లో ఆర్డర్ పెడితే చాలు... స్టిక్కర్ల చుట్ట ఇంటికే వస్తుంది. పిల్లలెవరూ స్టూలెక్కి మబ్బులు అద్దే పనిలేదు. ఒకే గది కోసం ఇద్దరు పిల్లలు ఎదురుచూసే ఇళ్ళూ తగ్గిపోయాయి.

ఈ గ్రూపులో అందరూ చిన్ననాటి తీపి గుర్తులు రాస్తున్నారు... నేనూ అలాంటిదే రాద్దామని కూర్చున్నాను. చెయ్యి ఇటు నడిచింది. మీ వల్ల ఏడుపు మింగిన పిల్లలు మీ చిన్నతనంలోనూ ఉన్నారా? ఉంటే... వాళ్ళ పేరొక్కటి కింద రాయండి.