మా ఇంగువ మామగారూ, నా పరీక్ష యంత్రమూ

కిందటి నెలలో మా మామగారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి, చెయ్యి కడుక్కుని, "ఈపొద్దు చారులో ఇంగువ ఒంచూరు తక్కువైండాది" అని మా అత్తయ్యతో చెప్పి వాలుకుర్చీలో కూర్చున్నారు. "వేసింది సాలు, ఇంగా ఎంత వేసేది" అని అత్తయ్య వంటింట్లోంచి జవాబిచ్చింది. ఆ జవాబు వినడానికి ఆయన లేరు. నాకు ఫోన్ వచ్చేసరికి ఆఫీసులో ఉన్నాను. ఆటోలో దారి పొడుగునా ఏడ్చాను. ఇంటికొచ్చి ఆయన ఆఖరి మాట ఏమిటో విన్నాక ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. దేవుడి పేరు కాదు, కొడుకు పేరు కాదు, చారు మీద ఫిర్యాదు. బతికినట్టే పోయారు అనుకున్నాను.

ఆయనది కాటన్‌పేటలో ఇంగువ అంగడి. దూరదేశాల నుంచి వచ్చే ముడి ఇంగువను పిండి, బంకలతో కలిపి, దంచి, చిన్న రేకు డబ్బాల్లో నింపి అమ్మేవారు. ముందు అంగడి, వెనక ఇల్లు. అందుకని మా ఇంట్లో బీరువాలోని పట్టుచీరలు కూడా పోపు వాసనే కొడతాయి. పెళ్ళిచూపులకు ఆయన కోలారులో మా ఇంటికి వచ్చిన రోజున మనిషి కంటే ముందు వాసన గడప దాటింది. స్టవ్ మీద సాంబారు మరిచిపోయానేమోనని మా అమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. సిటీ బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. "నాకేమప్పా, ఇద్దరి సీటులో ఒగణ్ణే మహారాజు మాదిరి పోతా ఉంటా" అనేవారు.

సరుకు మంచిచెడ్డలు ఆయనకు ముక్కుతోనే తెలిసేవి. పొద్దున స్నానం కాగానే, కాఫీ కూడా తాగకుండా, కొత్తగా కలిపిన ముద్దలోంచి గోరంత గిల్లి గోరువెచ్చటి నీళ్లలో వేసేవారు. నీళ్లు పాలలా తెల్లబడాలి. తర్వాత వాసన చూసి తల ఊపాలి. అప్పుడే దినం మొదలైనట్టు. కాఫీ తాగాక చూడొచ్చు కదా అంటే, "కాఫీ తాగినాక ముక్కు అబద్ధాలు చెప్తాది" అనేవారు. ఆయనకు తల ఊపబుద్ధి కాకపోతే ఆ ముద్ద అంతా పక్కన పెట్టించేవారు. నా భర్త ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు. "అమ్మినంత మాత్రాన సరుకు మనది కాకుండా పోదురా. వాళ్లింట్లో పోపులో పడేదాకా అది మనదే" అనేవారు.

అలాంటి మనిషి పేరుతో నకిలీ డబ్బాలు బయలుదేరాయి. అదే రేకు, అదే లేబులు. లోపల ఉత్త బంకా పిండీ, ఏదో ఘాటు రసాయనం. ఒకావిడ ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, "మీ నాయన కాలం నించీ వాడతా ఉండాము. మీరు గూడా ఇట్లా చేస్తారనుకోలేదు" అని వెళ్ళిపోయింది. ఆ పూట మామగారు అన్నం తినలేదు. ఆయన అన్నం మానడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

నేను పనిచేసేది ఇలాంటి దొంగసరుకును పట్టడానికే పెట్టిన ఒక చిన్న కంపెనీలో. ప్రాణుల ఒంట్లో ఉండే డీఎన్‌ఏ లాంటి పోగునే మేము ల్యాబులో అల్లుతాం. దానిలో అక్షరాల వరస మాకు తప్ప ఎవరికీ తెలియదు. దాన్ని వార్నిష్‌లో కలిపి లేబులు మీద పూస్తే కంటికి కనపడదు. దూది చుట్టిన పుల్లతో మూత మీది లేబులును రుద్ది, ఆ పుల్లను టిఫిన్ క్యారియర్ అంత యంత్రంలో పెడితే అరగంటలో పచ్చదీపం వెలుగుతుంది. వెలిగితే సరుకు మనది. వెలగకపోతే నకిలీ. లేబులు ఎవడైనా అచ్చు వేసుకోవచ్చు గానీ, ఆ పోగును చూసి రాసుకోవడం అంత తేలిక కాదు.

ఇదంతా చెబితే మామగారు శ్రద్ధగా విని ఒక్కటే అడిగారు. "ఇది ఏ జంతువుదమ్మణ్ణీ? మడితో వండేవాళ్లు గూడా మన ఇంగువే వాడతారు."

"ఏ జంతువుదీ కాదు మామా. చెట్టుదీ కాదు. మేమే అల్లింది."

"అంటే ఇంగా పుట్టని ప్రాణిది" అన్నారు. "అట్లయితే దానికి జాతకం లేదు, శని పట్టేది లేదు. పూయించు."

తీరా పూయించాక ఆయన ఉత్సాహం చూడాలి. వచ్చిన ప్రతివాడికీ డబ్బా చూపించి, "దీనికి వంశం ఉండాది చూడప్పా" అనేవారు. బళేపేటలో అనుమానం వచ్చిన డబ్బాలు తెప్పించి, యంత్రం కంటే ముందు తాను వాసన చూసి తీర్పు చెప్పేవారు. అరగంట తర్వాత యంత్రమూ అదే చెప్పేది. "పాపం, దానికి అరగంట పడతాది" అని జాలిపడేవారు. అలా రెండు చోట్ల నకిలీ సరుకు పట్టేసరికి నాకు కొమ్ములు మొలిచాయి.

హొసకోటెలో రత్నమ్మ అనే ఆమె కిరాణా అంగడి ఉంది. భర్త పోయాక ఒక్కతే నడుపుకుంటోంది. మామగారిని అన్నా అని పిలుస్తుంది, ఆయన సరుకు తప్ప వేరే ఇంగువ ముట్టదు. ఒక ఆదివారం యంత్రం సంచిలో వేసుకుని నేనొక్కదాన్నే అక్కడికి వెళ్ళాను. ఆరు డబ్బాలు పరీక్షించాను. ఒక్కదానికీ దీపం వెలగలేదు. పైగా రుద్దిన దూదికి పసుపు రంగు అంటింది. చౌక అచ్చు, రంగు ఊడుతోంది అనుకున్నాను.

"రత్నమ్మగారూ, ఈ డబ్బాలు ఎక్కడివి?" అని కొనేవాళ్లు నిలబడి ఉండగానే అడిగాను.

"యాడివేమ్మా? మా అన్న పంపించినవే."

"ఇవి మావి కావు. యంత్రం చెప్తోంది."

ఆమె నా వైపు, అక్కడున్న మనుషుల వైపు చూసింది. "మీ మామను అడుగు పో తల్లీ" అంది. ఆపైన ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు కింద జమకట్టాను. తిరిగొచ్చే బస్సులోనే వ్యాపారుల వాట్సాప్ గుంపులో ఆమె అంగడి పేరు పెట్టి, నకిలీ సరుకు దొరికిందని రాసేశాను. సాయంత్రానికల్లా పప్పులవాళ్లు, నూనెవాళ్లు ఆమెకు ఇక సరుకు వెయ్యబోమని చెప్పేశారు. ఒంటిచేత్తో సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో పోయింది, దాంతో పాటు అంగడీ పోయేలా ఉంది.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ మెసేజ్ రెండుసార్లు చదివారు. కోప్పడలేదు. "డబ్బాను అడిగితివి, సరే. మనిషిని అడిగితివా?"

"అడిగాను మామా. ఆమె ఏమీ చెప్పలేదు."

"మందిలో అడిగింటావు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని హొసకోటె వెళ్ళారు. అంగడి షట్టరు సగం దించి ఉంది. ఆయన వంగి లోపలికి వెళ్ళి, బియ్యం మూట మీద కూర్చుని, ఒక డబ్బా తెరిచి వాసన చూశారు. నీళ్లు అడిగి అందులో గోరంత వేశారు. నీళ్లు తెల్లబడ్డాయి. "నాదే" అన్నారు. నేను వెంటనే యంత్రం గొప్పతనం గురించి మొదలుపెట్టబోతే, మూత మీద నా పుల్ల గీసిన చార చూసి, "ఆ పుల్ల ఒగసారి చూపీ" అన్నారు. సంచిలోనే ఉండిపోయిన నిన్నటి పుల్ల తీసిచ్చాను. దూదిని వేళ్ళ మధ్య నలిపి నవ్వడం మొదలుపెట్టారు.

"అమ్మణ్ణీ, ఇది రంగు గాదు. పసుపు. నేను పెట్టిందే."

అప్పుడు తెలిసింది. భర్త పోయినప్పటి నుంచి ఆ వీధిలో ఎవరూ రత్నమ్మను పేరంటానికి పిలవలేదు, పసుపు ఇవ్వలేదు. ఎదురుగా ఇస్తే ఊరు నోరు పారేసుకుంటుంది. అందుకని ఈయన ఆమెకు పోయే పెట్టె కట్టేటప్పుడు మాత్రం పసుపు తడిపి, ప్రతి డబ్బా మూత మీదా బొటనవేలితో అద్దేవారు. ఈ సంగతి అత్తయ్యకు కూడా తెలియదు. "చెల్లెలికి అన్న పసుపు పంపీకుంటే ఎట్లా?" అన్నారు, అదేదో సరుకు చీటీలో మామూలు పద్దు అయినట్టు. పెట్టె విప్పిన ప్రతిసారీ రత్నమ్మ ఆ పసుపు వేలితో తీసి చెంపలకు రాసుకునేదట. దీన్ని పదిమంది ముందు నాకెలా చెబుతుంది?

పసుపు తగిలితే మా పరీక్ష నడవదు. దీపం వెలగాలంటే యంత్రంలో ఆ పోగులు ఒకటికి లక్షలుగా పెరగాలి, పసుపులోని పదార్థం వాటిని పెరగకుండా అడ్డుకుంటుంది. అది నాకు తెలియని విషయం కాదు. కాలేజీలో చదివాను, రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేక ఆ ముక్కే చెప్పాను.

"మీ యంత్రానికి పసుపు పడదా? పాపం, ఏ జన్మలో ఏం చేసిందో" అన్నారు మామగారు. రత్నమ్మ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

నన్ను మాత్రం వదల్లేదు. షట్టరు పూర్తిగా ఎత్తించి, కొనేవాళ్లు వచ్చేదాకా కూర్చోబెట్టి, వాళ్ల ముందు ఆమెకు క్షమాపణ చెప్పించారు. అదే మాట ఫోన్‌లో రికార్డు చేయించి గుంపులో పెట్టించారు. తప్పు యంత్రానిది, నాది అని మాత్రమే చెప్పాను. పసుపు ఎందుకు అంటిందో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "మందిలో పోయిన పేరు మందిలోనే తిరిగి రావల్ల" అన్నారు. వారం తిరక్కుండానే పప్పులవాళ్లు మళ్ళీ సరుకు వేశారు.

ఆ తర్వాత మా యంత్రంలో ఒక నీలిదీపం చేర్చాం. అసలు పరీక్ష నడిచిందా లేదా అని చెప్పేది అదే. అది వెలగకపోతే సరుకును అనుమానించకూడదు, మమ్మల్ని అనుమానించాలి. ముందునుంచే ఉండాల్సిన దీపం అది. ఆఫీసులో దాన్ని రత్నమ్మ దీపం అంటాం. కొత్తగా చేరినవాళ్లు రత్నమ్మ అంటే పెద్ద శాస్త్రవేత్త అనుకుంటారు. పసుపు మానెయ్యమని నేను మామగారిని అడగలేదు. అడిగినా మానేవారు కాదు. వార్నిష్‌నే డబ్బా అడుగుకు మార్చాం.

ఆయన ముక్కు నాకు రాదు. కానీ ఎవరినైనా దొంగ అనబోయే ముందు ఒక్క క్షణం ఆగడం వచ్చింది. అది ఆయన పెట్టిన భిక్ష, నేను ఉన్నంత కాలం ఆ మాట చెప్పుకుంటాను.

ఆయన పోయిన పదోరోజున ఇంటినిండా చుట్టాలు. అత్తయ్య గాజులు ఎప్పుడు తీయించాలి, ఎవరు తీయాలి అని పెద్దవాళ్లు ఒక మూల చేరి గుసగుసలాడుతున్నారు. ఆమె గోడకు చేరబడి కూర్చుంది. అప్పుడు రత్నమ్మ వచ్చింది. వస్తూ బళేపేట అంగళ్ల దగ్గర దిగినట్టుంది, చేతిసంచిలో పచ్చగాజులున్నాయి. తిన్నగా వెళ్ళి అత్తయ్య ఎదురుగా కూర్చుని, చిన్న గిన్నెలో పసుపు తడిపింది.

"ఏమ్మా, ఈపొద్దా?" అంది ఒక పెద్దావిడ.

"ఈపొద్దే" అంది రత్నమ్మ. "మా అన్న నాకు ఒగ పెట్టెకు గూడా పసుపు ఆపలేదు. నేను మా వదినకు ఆపుతానా? వదినా, చెయ్యి ఇట్లియ్యి."

అత్తయ్య ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపింది. రత్నమ్మ పసుపు రాసి, గాజులు తొడిగి, గిన్నె పట్టుకుని లేచింది. అత్తయ్య ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని, తడి ఆరేదాకా వాటినే చూస్తూ కూర్చుంది.